మీడియా బృందానికి పాలక పునీతుడు: గబ్రియేలా, క్లారమ్మా, కార్లోనా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. మీ విచారణలో, అంటే మీ పారిష్‌లో, ఆదివారం దివ్యబలిపూజను (మాస్‌ను) యూట్యూబ్‌లో ప్రసారం చేసే యువకుల బృందం ఉంది. ఆ బృందానికి ఒక పాలక పునీతుణ్ణి, అంటే తమ పని కోసం దేవుని ఎదుట ప్రార్థించే పునీతుణ్ణి, ఎంచుకుని, గదిలో పటం పెట్టి, ఏటా పండుగ చేసుకోవాలనుకున్నారు. ఉపదేశి గారు అతిదూత గబ్రియేలు అన్నారు. సిస్టర్ గారు అస్సీసీ పురపు క్లారమ్మ అన్నారు. కుర్రవాళ్లు పదిహేనేళ్లకే కన్నుమూసిన పునీతుడు కార్లో అకూతిస్ కావాలంటున్నారు. ఎవరి మాట సరైనది, దానికి ఆధారం ఏమిటి, పండుగ ఏ రోజు?

కతోలిక రేడియో కార్యక్రమాల తయారీలో చాలాకాలం పనిచేసినవాణ్ణి కాబట్టి ఈ విషయం మీద నాకు మమకారం ఎక్కువ. కాస్త పెద్దగానే రాస్తాను. సూటి జవాబు ముందే చెప్పేస్తున్నాను: ఉపదేశి గారి మాటే సరైనది. సిస్టర్ గారి మాటకూ గట్టి ఆధారం ఉంది, కాకపోతే దాని పరిధి టెలివిజన్ వరకే. కార్లోను మీరు ఎంతైనా గౌరవించుకోవచ్చు. కానీ శ్రీసభ (కతోలిక చర్చి) ఆయనను ఇంతవరకు ఏ మాధ్యమానికీ పాలకుడిగా అధికారికంగా ప్రకటించలేదు.

ఆధారం సంగతి. 1951 జనవరి 12న పోప్ పన్నెండవ పయస్ ఒక అపోస్తలిక లేఖ వెలువరించారు. లాటిన్‌లో దాని తొలి మాటలు 'క్వోనియామ్ ఓమ్నే దాతుమ్'. ప్రతి మంచి వరమూ పైనుంచే దిగివస్తుందన్న యాకోబు లేఖలోని మాటతో అది మొదలవుతుంది. దూరాన ఉన్నవారికి విద్యుత్తుతో క్షణాల మీద మాట పంపడం, ఎంతో ఎడంగా ఉన్నవారు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం, తరంగాల మీద వార్తలు చేరవేయడం, ఎక్కడో జరుగుతున్నదాన్ని కళ్లెదుట చూడడం, ఇవన్నీ మనిషికి అందిన వరాలేనని ఆ లేఖ అంటుంది. అంటే టెలిగ్రాఫు, టెలిఫోను, రేడియో, టెలివిజన్. ఈ విద్యకూ, ఇందులోని నిపుణులకూ, పనివారికీ అతిదూత గబ్రియేలును దేవుని ఎదుట పాలకుడిగా ఆయన ప్రకటించారు.

ఈ వరుసను ఒకసారి నిదానంగా చూడండి. ఇందులో పత్రిక లేదు, రచయిత లేడు, వక్త లేడు. ఉన్నదంతా మాటను ఇక్కడి నుంచి అక్కడికి చేర్చే పని. అందుకే గబ్రియేలును 'మీడియాకు పాలకుడు' అని అందరూ అంటున్నా, ఆ లేఖ ఉద్దేశించింది మొదట తీగ లాగేవాణ్ణి, స్విచ్‌బోర్డు దగ్గర కూర్చున్న ఆపరేటరును, ట్రాన్స్‌మీటరును కనిపెట్టుకుని ఉండే ఇంజినీరును అని నా అభిప్రాయం. మీ బృందంలో ఆయన ముందుగా ఎవరి పాలకుడంటే, కెమెరా ముందు నిలబడి వ్యాఖ్యానం చెప్పే అమ్మాయి కంటే ముందు, పీఠం వెనుక మైకు తీగలు సర్దుతూ ఎవరికీ కనిపించకుండా కూర్చునే కుర్రవాడికి. నేను ఇంత పొడుగ్గా రాయడానికి కారణం ఈ ఒక్క సంగతే. మన విచారణల్లో ఆ కుర్రవాడి పేరు ఎవరూ తలవరు.

1951లోనే ఎందుకు? దాని వెనుక ఇరవై ఏళ్ల అనుభవం ఉంది. 1931 ఫిబ్రవరి 12న వాటికన్ రేడియో మొదలైంది. నిలయాన్ని నిర్మించి ఇచ్చింది రేడియో మార్గదర్శి మార్కొనీయే. ఆ రోజు ఆయనే మైకు ముందు నిలబడి పరిచయం చేశారు, తర్వాత పోప్ పదకొండవ పయస్ లాటిన్‌లో ప్రపంచాన్ని ఉద్దేశించి మాట్లాడారు. నిలయం పిలుపు సంకేతం హెచ్.వి.జె. పదేళ్లు తిరగకుండానే రెండో ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. ఆచూకీ తెలియని సైనికులు, యుద్ధఖైదీలు, చెల్లాచెదురైన కుటుంబాలు. వారి కోసం 1940 నుంచి 1946 వరకు వాటికన్ రేడియో 12 లక్షలకు పైగా సందేశాలు ప్రసారం చేసింది. ఫలానా ఊరివాడు ఫలానా శిబిరంలో బతికే ఉన్నాడు, ఇంటివాళ్లకు తెలియజేయండి అన్న తరహా సందేశాలు. పేర్లు, ఊళ్లు, మళ్లీ పేర్లు, ఊళ్లు. అనౌన్సరు సొంత మాట ఒక్కటీ అక్కర్లేని ప్రసారం అది. ఎక్కడో ఒక వంటింట్లో ఒక తల్లికి మాత్రం ఆ ఒక్క పేరే లోకం. యుద్ధం ముగిసిన ఆరేళ్లకు వచ్చిన లేఖను ఈ నేపథ్యంలో చదివితే దాని బరువు తెలుస్తుంది.

ఇంకా వెనక్కి వెళితే, పాత రోమను ఆశీర్వాద గ్రంథంలో టెలిగ్రాఫు యంత్రానికే ఒక ఆశీర్వాద ప్రార్థన ఉంది. గాలి రెక్కల మీద నడిచే దేవుణ్ణి సంబోధిస్తూ, ఈ లోహంలో ఆయన ఉంచిన శక్తి మెరుపు కంటే వేగంగా దూరపు సంగతులను ఇక్కడికీ, ఇక్కడి సంగతులను దూరానికీ చేరుస్తున్నదని చెబుతుంది. కొత్త యంత్రాలంటే శ్రీసభ ఎప్పుడూ భయపడిందనేవారికి నేను ఈ ప్రార్థననే చూపిస్తాను. ఇప్పుడు వాడుకలో ఉన్న ఆశీర్వాదాల గ్రంథంలో ప్రసార కేంద్రాలకూ, సాంకేతిక పరికరాలకూ విడివిడిగా ఆశీర్వాద క్రమాలున్నాయి. మీ కెమెరా, మిక్సరు ఆశీర్వదించమని మీ విచారణ గురువును అడగండి. వింత కోరిక అనుకోరు.

ఇక గబ్రియేలునే ఎందుకు ఎంచుకున్నారు? 'దేవుని వార్తాహరుడు కాబట్టి' అని చెప్పి ఊరుకుంటారు చాలామంది. అది చాలదు. బైబిల్లో ఆయన పేరు నాలుగు చోట్ల మాత్రమే వస్తుంది: దానియేలు గ్రంథంలో రెండు చోట్ల, లూకా సువార్త మొదటి అధ్యాయంలో రెండు చోట్ల. ఆ నాలుగు చోట్లా ఆయన పని చేసే తీరు చూడాలి.

దానియేలు 8లో ఊలాయి నది మధ్య నుంచి ఒక మనిషి గొంతు వినిపిస్తుంది: గబ్రియేలూ, ఈ దర్శనం ఇతనికి అర్థమయ్యేలా చెప్పు, అని. ఆయనకు అప్పగించిన మొదటి పని అదే. సందేశం చెవిన పడితే చాలదు, బోధపడాలి. 9వ అధ్యాయంలో దానియేలు ప్రార్థన ఇంకా ముగియకముందే, సాయంకాల బలి వేళకు ఆయన వచ్చేస్తాడు. నీవు ప్రార్థన మొదలుపెట్టినప్పుడే ఆజ్ఞ బయలుదేరింది, దాన్ని తెలియజేయడానికి వచ్చాను అంటాడు.

లూకా దగ్గర ఇంకా నిలిచి చూడాలి. యెరూషలేము దేవాలయంలో ధూపపీఠం కుడిపక్కన యాజకుడు జెకర్యాకు కనిపించి, నీకు కొడుకు పుడతాడని చెబుతాడు. జెకర్యా 'నేను ముసలివాణ్ణి, దీన్ని ఎలా నమ్మేది' అన్నప్పుడు గబ్రియేలు తన పేరు చెబుతాడు, తాను ఎవరి సన్నిధిలో నిలిచేవాడో చెబుతాడు, పంపబడి వచ్చానని చెబుతాడు. ఎవరు పంపారో దాచి మాట్లాడడు. ఇవాళ మన ఫోన్లలోకి వచ్చిపడే ఫార్వర్డుల్లో ఎన్నింటికి ఈ మూడూ ఉంటాయో మీరే ఆలోచించండి. ఆ తర్వాత జెకర్యా మూగవాడైపోతాడు. బయట జనం ఎదురుచూస్తున్నారు. ఆయన సైగలు చేస్తాడు. బిడ్డ పుట్టాక పలక అడిగి 'యోహాను అని అతని పేరు' అని రాస్తాడు. గొంతు పోయినా సందేశం ఆగలేదు.

నజరేతులో జరిగింది వేరు. మరియమ్మ ఆ పలకరింపు విని కలవరపడుతుంది, ఇది ఎలాంటి శుభవచనమోనని ఆలోచిస్తుంది. గబ్రియేలు ముందు ఆమె భయం తీరుస్తాడు, యేసుకు తల్లివి అవుతావన్న సందేశం ఆ తర్వాతే. ఆమె 'ఇది ఎలా జరుగుతుంది' అని అడుగుతుంది. ప్రశ్న అడిగినందుకు కోపగించుకోడు, జవాబిస్తాడు. అంతటితో ఆగకుండా ఆమె స్వయంగా సరిచూసుకోగలిగిన ఒక ఆనవాలు కూడా చేతిలో పెడతాడు: నీ బంధువు ఎలిజబెతమ్మకు ఇది ఆరవ నెల. మరియమ్మ త్వరపడి కొండసీమకు బయలుదేరుతుంది, ఆ మాట నిజమని కళ్లారా చూస్తుంది. వినేవారికి సరిచూసుకునే దారి చూపించి మరీ వార్త చెప్పిన ఈ తీరును మన ప్రసారాల్లో పనిచేసే ప్రతివారూ పట్టుకోవాలని నా కోరిక.

చివరి వాక్యం ఇంకా ముఖ్యం. మరియమ్మ సమ్మతి చెప్పగానే దూత ఆమె దగ్గర నుంచి వెళ్లిపోయాడు (లూకా 1:38). పని అయింది, వెళ్లాడు. ఆ తర్వాత సువార్తల్లో గబ్రియేలు పేరు ఎక్కడా రాదు. బేత్లెహేములో గొల్లలకు కనిపించిన దూత పేరు కూడా లూకా చెప్పలేదు. ఇంత పెద్ద కబురు మోసుకొచ్చినవాడు ఆ కబురులో తన కోసం చోటు అట్టిపెట్టుకోలేదు. కానీ ఆయన పలికిన పలకరింపు మాత్రం ఇవాళ్టికీ ప్రతి తెలుగు కతోలిక ఇంట్లో జపమాల పూస పూసకూ వినిపిస్తూనే ఉంది: 'దేవ వరప్రసాదముచేత నిండిన మరియమ్మా, వందనము'.

చిత్రకారులు దీన్ని రేడియో పుట్టకముందే ఎంత సూక్ష్మంగా పట్టుకున్నారో చెప్పకుండా ఉండలేను. సియెన్నా ప్రధాన దేవాలయం కోసం 1333లో సిమోనే మార్తీనీ, లిప్పో మెమ్మీ గీసిన మంగళవార్త (గబ్రియేలు మరియమ్మకు కబురు చెప్పిన ఘట్టం) చిత్రం ఇప్పుడు ఫ్లోరెన్సులోని ఉఫీజి చిత్రశాలలో ఉంది. వెనుక అంతా బంగారు రేకు. అందులో గబ్రియేలు నోటి నుంచి మరియమ్మ చెవి వైపు లాటిన్ అక్షరాలు ఒకే వరుసలో గాలిలో సాగిపోతుంటాయి. తర్వాత నూరేళ్లకు యాన్ వాన్ ఐక్ గీసిన మంగళవార్త ఒకటి వాషింగ్టన్‌లో ఉంది. అందులో మరియమ్మ జవాబు అక్షరాలు తలకిందులుగా, కుడి నుంచి ఎడమకు రాసి ఉంటాయి. జవాబు చదవవలసినవాడు పైన ఉన్నాడు కదా! సందేశం వెళ్లడం, దానికి జవాబు తిరిగి రావడం రెండూ ఒకే పటంలో. జర్మనీలోని వుర్త్స్‌బుర్గ్‌లో మరియమ్మ ప్రార్థనాలయం ఉత్తర ద్వారం పైన ఉన్న 15వ శతాబ్దపు శిల్పంలోనైతే తండ్రి దేవుని నోటి నుంచి మరియమ్మ చెవి వరకు ఏకంగా ఒక గొట్టమే చెక్కారు. దాని మీదుగా బాలయేసు జారి వస్తుంటాడు. మీ గదిలో పెట్టడానికి మంచి పటం కావాలంటే ఉఫీజి చిత్రం ప్రతిని వెతకండి, నా ఓటు దానికే.

పటం వెతికేటప్పుడు రెండు జాగ్రత్తలు. 'పునీత గబ్రియేలు' అని వెతికితే నల్లని అంగీ, ఛాతీ మీద తెల్లని హృదయ చిహ్నంతో ఒక యువకుడి బొమ్మ వస్తుంది. ఆయన ఇటలీకి చెందిన గబ్రియేలు పొసెంతి, 1862లో చనిపోయిన పాషనిస్టు సన్యాస సభ సభ్యుడు. మన అతిదూత కాదు. కత్తి, త్రాసు పట్టుకున్నది మిఖాయేలు, చేప పట్టుకున్నది రఫాయేలు. గబ్రియేలు చేతిలో సాధారణంగా లిల్లీ పువ్వు ఉంటుంది. బాకా ఊదుతున్న గబ్రియేలు బొమ్మలు కూడా దొరుకుతాయి. అది కళాకారుల సంప్రదాయమే తప్ప, బైబిల్లో బాకాను గబ్రియేలుకు ముడిపెట్టిన వాక్యం లేదు.

మిగతా పేర్లు. రచయితలకూ పత్రికా రచయితలకూ పాలకుడు పునీత ఫ్రాన్సిస్ ద సేల్స్. 1923 జనవరి 26న పోప్ పదకొండవ పయస్ ప్రకటించారు. ఆల్ప్స్ కొండల్లోని షాబ్లే ప్రాంతంలో తన ప్రసంగం వినడానికి జనం రాకపోతే, ఆయన కరపత్రాలు రాసి ఇళ్ల తలుపుల కింద నుంచి లోపలికి జారవిడిచేవారు. ఆయన పేరు పెట్టుకున్న సన్యాస సభ గురువులు 1846లోనే విశాఖపట్నం వచ్చారు కాబట్టి ఉత్తరాంధ్ర కతోలికులకు ఆయన కొత్తవారు కాదు. మీ బృందంలో విచారణ పత్రికకు రాసేవారు, వ్యాఖ్యానం సిద్ధం చేసేవారు ఉంటే వారి పాలకుడు ఈయనే.

క్లారమ్మను టెలివిజన్‌కు పాలకురాలిగా ప్రకటించింది కూడా పన్నెండవ పయసే. 1958లో ఆ ప్రకటన వెలువడింది. 1252 క్రిస్మస్ రాత్రి జబ్బుతో మంచం దిగలేని స్థితిలో, పునీత ఫ్రాన్సిస్ దేవాలయంలో జరుగుతున్న పూజను ఆమె తన గదిలోనే చూశారు, విన్నారు. ఈ కథ మీ ప్రసారానికి ఎంత దగ్గరో గమనించారా? మీ యూట్యూబ్ పూజను చూసేవారిలో కాళ్లు కదలని ముసలివారు, ఆసుపత్రి పడకల మీద ఉన్నవారు తప్పక ఉంటారు. సిస్టర్ గారి మనసులో ఉన్నది వాళ్లే అయి ఉంటారు. గబ్రియేలు పటం పక్కనే క్లారమ్మ పటమూ పెట్టండి, తగువే ఉండదు.

ఇంటర్నెట్‌కు సెవిల్ పురపు ఇసిదోరు పాలకుడని చాలాచోట్ల చదివి ఉంటారు. 636లో మరణించిన ఈ మేత్రాణి (బిషప్) తన కాలపు విజ్ఞానాన్నంతా 20 భాగాల గ్రంథంలో క్రోడీకరించారు, అందుకే ఆ పేరు వచ్చింది. కానీ అది జనవాక్యం, శ్రీసభ ప్రకటన కాదు. కార్లో అకూతిస్ 1991లో పుట్టి 15 ఏళ్లకే 2006లో లుకేమియాతో కన్నుమూశారు. దివ్యసత్ప్రసాదానికి (పూజలో క్రీస్తు శరీరంగా స్వీకరించే అప్పానికి) సంబంధించిన అద్భుతాలను వెబ్‌సైటులో చేర్చిపెట్టిన ఆ పిల్లవాణ్ణి 2025 సెప్టెంబరు 7న పోప్ పద్నాలుగవ లియో పునీతుడిగా ప్రకటించారు. మీ కుర్రవాళ్ల ప్రేమ సహజం. ఆదర్శంగా పెట్టుకోమనండి. 'అధికారిక పాలకుడు' అని పోస్టరు మీద మాత్రం వేయించకండి.

ఇరుగుపొరుగు క్రైస్తవ మిత్రులు 'దూతలను పూజిస్తారా' అని మిమ్మల్ని తప్పకుండా అడుగుతారు. చిన్నబుచ్చుకోకుండా చెప్పండి. ఆరాధన దేవుడికే. దర్శన గ్రంథం చివరి అధ్యాయంలో యోహాను దూత కాళ్ల మీద పడబోతే ఆ దూతే వద్దని వారించి, దేవుణ్ణి ఆరాధించమన్నాడు. మనం గబ్రియేలును అడిగేది మన కోసం ప్రార్థించమని. అలాగే మిఖాయేలు, గబ్రియేలు, రఫాయేలు అనే మూడు పేర్లు తప్ప వేరే దూతల పేర్లను భక్తిలోకి తీసుకురావద్దని శ్రీసభ చెబుతోంది. 'ఏడుగురు దూతల' పటాలు అమ్మకానికి వస్తుంటాయి, వాటి జోలికి పోకండి.

ఇక పండుగ. 1921లో పోప్ పదిహేనవ బెనెడిక్ట్ గబ్రియేలు పండుగను మంగళవార్తకు ముందురోజున, అంటే మార్చి 24న, లోకమంతటికీ నిర్ణయించారు. 1969 పంచాంగ సవరణలో ముగ్గురు అతిదూతలనూ సెప్టెంబరు 29న ఒకే పండుగగా కలిపారు. పాత పుస్తకాల్లో మార్చి 24 కనిపిస్తే కంగారు పడకండి, ఇప్పుడు చేయవలసింది సెప్టెంబరు 29న. ప్రపంచ సమాచార మాధ్యమాల దినోత్సవం దీనికి వేరు. ప్రపంచ మేత్రాణుల సమావేశమైన రెండో వాటికన్ మహాసభ 1963 నాటి 'ఇంతెర్ మిరీఫికా' పత్రంలో కోరిన మేరకు అది 1967 మే 7న మొదలైంది. పెంతెకోస్తుకు ముందు ఆదివారం వస్తుంది. దానికి పోపు గారి సందేశం ఫ్రాన్సిస్ ద సేల్స్ పండుగైన జనవరి 24న విడుదల చేయడం ఆనవాయితీ. విచారణ అంతా కలిసి జరుపుకునేది ఆ ఆదివారం, మీ బృందం సొంతంగా జరుపుకునేది సెప్టెంబరు 29 అయితే బాగుంటుంది. సామగ్రి కోసం, శిక్షణ కోసం సికింద్రాబాదులోని అమృతవాణిని సంప్రదించవచ్చు. అది తెలుగు మేత్రాణుల ప్రసార మాధ్యమ కేంద్రమే.

ఒక చిక్కు మాత్రం ఉంది. సెప్టెంబరు 29 పూజలో చదివే సువార్త నతనయేలు గురించినది, యోహాను 1:47-51. గబ్రియేలు సువార్త ఆ రోజు రాదు. మీ పిల్లలతో లూకా మొదటి అధ్యాయం కూర్చుని చదవాలంటే క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలంలో డిసెంబరు 19, 20 తేదీలు చూసుకోండి. 19న జెకర్యా ఘట్టం, మరునాడు మరియమ్మ ఘట్టం వరుసగా పూజలో వస్తాయి. క్రిస్మస్ ప్రసారాల హడావుడి మొదలయ్యే ముందు ఆ రెండు సాయంత్రాలు ఒక్కో గంట కేటాయిస్తే చాలు. మైకు తీగలు సర్దే కుర్రవాడి చేతనే ఆ పఠనం చదివించండి.